పక్క బృందం కోడ్‌లో మార్పు చేసేయమంటున్న మేనేజర్లకు బహిరంగ లేఖ

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ సంస్థల్లోని ఇంజనీరింగ్ మేనేజర్లకు, డైరెక్టర్లకు నమస్కారం.

పదహారేళ్ళుగా ఈ ఊళ్ళో కోడ్ రాస్తున్నాను. మాదాపూర్‌లో మొదలుపెట్టి, గచ్చిబౌలి మీదుగా నానక్‌రాంగూడ చేరాను. కంపెనీలు మారాయి, భవనాల ఎత్తు పెరిగింది. త్రైమాసిక ప్రణాళికా సమావేశంలో వినబడే ఒక మాట మాత్రం మారలేదు: "వాళ్ళ బృందానికి తీరిక లేదట. వాళ్ళ కోడ్‌లో ఆ మార్పేదో మీరే చేసేయండి. చిన్నదే కదా." ఆ 'చిన్నదే కదా' గురించే ఈ లేఖ.

పక్క బృందం కోడ్‌ను ముట్టుకోకూడదని వాదించడానికి నేను కూర్చోలేదు. ముట్టుకోనివ్వని చోట ఏం జరుగుతుందో కూడా చూశాను. ఒక కంపెనీలో మాకు కావలసింది ఒక సర్వీసు ఇచ్చే జవాబులో ఒకే ఒక్క అదనపు ఫీల్డు. ఆ సర్వీసు సొంతదారులు కాలిఫోర్నియాలో ఉండేవారు. అడిగితే వచ్చే త్రైమాసికంలో చూద్దామన్నారు. పోనీ మేమే రాసి పంపుతామంటే, బయటివాళ్ళ మార్పులు తీసుకోమన్నారు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు. మనకూ వాళ్ళకూ వేసవిలో పన్నెండున్నర గంటల తేడా, చలికాలంలో పదమూడున్నర. ఈరోజు అడిగిన సందేహానికి రేపు జవాబు, దాని మీద మన ప్రశ్నకు ఎల్లుండి జవాబు. విసిగిపోయి మావాళ్ళు వాళ్ళ డేటాబేసు నకలును రాత్రిపూట చదివి ఆ విలువను సొంతంగా లెక్కగట్టుకునే పక్కదారి ఒకటి కట్టారు. మూడు వారాలు పట్టింది. సర్వీసులోనే చేసి ఉంటే తొమ్మిది లైన్లు. ఆ పక్కదారి నాలుగేళ్ళు బతికింది. అవతలివాళ్ళు లెక్క మార్చినప్పుడల్లా మా లెక్క తప్పేది, మాకు ఆ సంగతి కస్టమర్ చెబితే తెలిసేది.

కాబట్టి తలుపు తెరిచే ఉండాలన్నదే నా మాట కూడా. తెరిచిన తలుపుకు అయ్యే ఖర్చును మీలో చాలామంది ఏ పద్దులోనూ రాయడం లేదన్నదే నా ఫిర్యాదు. రాయకపోతే ఆ ఖర్చు మాయమైపోదు, ఎవరో ఒకరి నిద్రలోంచి వసూలవుతుంది.

నా తప్పుతోనే మొదలుపెడతాను. ఎనిమిదేళ్ళ క్రితం సంగతి. ఆ రోజు లావాదేవీలన్నింటినీ కలిపి ఒక ఫైలుగా రాసి రాత్రికి బ్యాంకుకు పంపే ప్రోగ్రాం చెల్లింపుల బృందం చేతిలో ఉండేది. అందులో కొత్త రకం లావాదేవీని చేర్చడం నా పని. వాళ్ళకు తీరిక లేదు, మా మేనేజర్ చేసేయమన్నారు, చేశాను. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. ఆ ఫంక్షన్‌లో జాబితాను రెండుసార్లు సార్ట్ చేస్తున్నట్టు కనబడింది, ముందు సమయాన్ని బట్టి, తర్వాత లావాదేవీ నంబరును బట్టి. నంబర్లు ఎలాగూ సమయం వరుసలోనే వస్తున్నాయి కదా, రెండోసారి ఎందుకు? ఎలాగూ వచ్చాం, కాస్త ఇల్లు సర్ది వెళదామనే బుద్ధి పుట్టింది. ఆ లైను తీసేశాను. టెస్టులన్నీ పాసయ్యాయి. అవతలి బృందంలో ఒకరు పది నిమిషాల్లో ఆమోదించారు.

తొమ్మిది రోజులు ఏమీ కాలేదు. నెలాఖరు రాత్రి రద్దీకి రెండో సర్వర్ కూడా నంబర్లు ఇవ్వడం మొదలుపెట్టింది. రెండు సర్వర్లూ ఇచ్చే నంబర్లు సమయం వరుసలో ఉండవు. నంబర్లు ఆరోహణ క్రమంలో లేని ఫైలును బ్యాంకు తీసుకోదు. రాత్రి రెండు గంటలకు ఫైలు తిరిగొచ్చింది. ఆ వారం ఆన్‌కాల్‌లో, అంటే ఏ వేళ ఏది ఆగినా లేచి చూడవలసిన వంతులో ఉన్నది చెల్లింపుల బృందంలోని ఒక అమ్మాయి, చేరి ఏడాది కూడా కాలేదు. ఏం మారిందో వెతికి, నేను చేర్చిన మార్పును (కమిట్) పట్టుకుని, వెనక్కి తిప్పి, ఫైలు మళ్ళీ పంపేసరికి నాలుగున్నర. నేను హాయిగా నిద్రపోతున్నాను. మోగిన ఫోను నాది కాదు.

పొద్దున్న ఆమె దగ్గర నుంచి ఒకే సందేశం వచ్చింది: "అన్నా, ఆ రెండో సార్టింగ్ ఎందుకు తీశారు? కారణం తెలిస్తే రిపోర్టులో రాస్తాను." నా దగ్గర ఉన్న కారణం 'అనవసరం అనిపించింది' అన్నదే. అలాగే రాయమన్నాను. ఆమె మర్యాదస్తురాలు. 'సందర్భం తెలియక జరిగిన మార్పు' అని రాసింది.

అయ్యా, అమ్మా, మీరు గమనించవలసింది దీని తర్వాతి ఘట్టం. ఆ ఏడాది అప్రైజల్‌లో ఆ కొత్త రకం లావాదేవీ నా ఖాతాలో పడింది. 'ఇతర బృందాలతో చొరవగా పనిచేస్తాడు' అని మెచ్చుకున్నారు కూడా. నెలాఖరు రాత్రి జరిగిన అంతరాయం మాత్రం చెల్లింపుల బృందం ఖాతాలో పడింది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. మీ లెక్కల పుస్తకంలో గడులు అలా గీసి ఉన్నాయి, అంతే.

అడిగి చేసి ఉంటే ఇలా జరిగేది కాదు అంటారేమో. అడిగి చేసినా జరుగుతుంది. మా రంగంలో అందరూ చెప్పుకునే ఉదాహరణ ఒకటుంది. పైపైన విన్నవాళ్ళే ఎక్కువ కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనేది ఇంటర్నెట్‌లో రహస్య సంభాషణకు కావలసిన తాళంచెవులు తయారుచేసే సాఫ్ట్‌వేర్. దాన్ని రాసేది ఒక బృందం. లినక్స్ ఆపరేటింగ్ సిస్టం పంపిణీల్లో ఒకటైన డెబియన్‌లో దాన్ని ప్యాకేజీగా సర్ది అందించేది వేరేవాళ్ళు. 2006లో డెబియన్ వైపు ప్యాకేజీని చూసుకునే వ్యక్తికి ఒక చిక్కు వచ్చింది. మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ లాంటి సాధనాలు, విలువ ఇవ్వని మెమరీని ఈ కోడ్ చదువుతోందని గోల పెడుతున్నాయి. గోలకు మూలం రెండు చోట్ల ఉన్న ఒకే రకం లైను. రెండూ చూడటానికి అచ్చంగా కవలలే. ఒకచోట ఆ లైను బఫర్‌లో (తాత్కాలిక మెమరీలో) మిగిలి ఉన్న చెత్తను కూడా, తాళంచెవిని ఎవరూ ఊహించలేకుండా చేసే యాదృచ్ఛికతలో కలుపుతోంది. ఉంటే లాభమేమో గానీ, తీసేస్తే నష్టం లేదు. రెండోచోట ఉన్నది ప్రాణం. వ్యవస్థ నుంచి సేకరించిన యాదృచ్ఛికతను తొట్టెలో పోసే లైను అదే.

ఆయన నాలాగా 'అనిపించి' తీసేయలేదు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మెయిలింగ్ లిస్టులో అడిగారు. డీబగ్గింగ్‌కు ఉపయోగమైతే తీసేయడానికి తాను సుముఖమేనన్న అర్థంలో ఒకరు జవాబిచ్చారు. రెండు లైన్లూ పోయాయి. 2006 సెప్టెంబరు నుంచి ఆ ప్యాకేజీ జనంలోకి వెళ్ళింది, డెబియన్ మీద ఆధారపడ్డ ఉబుంటులోకీ వెళ్ళింది. తాళంచెవికి మిగిలిన యాదృచ్ఛికత అల్లా, నడుస్తున్న ప్రోగ్రాంకు సిస్టం ఇచ్చే ప్రాసెస్ నంబరు ఒక్కటే. లినక్స్‌లో అప్పట్లో ఆ నంబరు మామూలుగా 32,768 దాటదు. లెక్కకు అందనన్ని ఉండవలసిన తాళంచెవులు, ఒక్కో రకానికీ పరిమాణానికీ ముప్పై రెండు వేల చిల్లరకు కుదించుకుపోయాయి. అన్నింటినీ ముందే తయారుచేసి పెట్టుకుని ఒక్కొక్కటే వేసి చూస్తే సరిపోతుంది. ఈ సంగతి బయటపడి డెబియన్ హెచ్చరిక విడుదల చేసింది 2008 మే 13న. ఈలోగా ఇరవై నెలలు గడిచాయి. ఆ కాలంలో ఆ యంత్రాల మీద పుట్టిన తాళంచెవులన్నీ పారేసి కొత్తవి చేసుకోవలసి వచ్చింది.

తర్వాత వాదనలు నడిచాయి. మార్పును మీ దగ్గరే అతికించుకోకుండా మాకు పంపి ఉండాల్సిందని అటు నుంచి, ముందే అడిగాం కదా అని ఇటు నుంచి. అసలు మీరు అడిగిన చిరునామా మా బృందానిది కాదు, అది వేరే ఉందని కూడా ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వైపు నుంచి ఒకరన్నారు. నాకు ఎక్కువగా గుచ్చుకున్నది ఈ చివరి మాటే. సొంతదారుడి అసలు చిరునామా కోడ్ పక్కనే స్పష్టంగా రాసి లేకపోతే, అడగడం ఒక తంతుగా మిగులుతుంది. అడిగినవాడికి అడిగానన్న ధీమా. జవాబిచ్చినవాడికి, అవతలివాడు చూసుకునే చేస్తాడులే అన్న నమ్మకం. చెరో సగం చూసినట్టే ఉంటుంది, పూర్తిగా చూసినవాడు ఉండడు.

మన ఆఫీసుల్లో ఇది వారానికొకసారి జరుగుతోంది, నష్టం చిన్నది కాబట్టి వార్తల్లోకి రావడం లేదు. కోడ్ దాచుకుని పంచుకునే సైటు గిట్‌హబ్ 2017లో కోడ్‌ఓనర్స్ ఫైలు సదుపాయం తెచ్చినప్పుడు సంతోషించాను. ఏ ఫోల్డరుకు ఎవరు బాధ్యులో ఆ ఫైల్లో రాసిపెడితే రివ్యూ, అంటే మార్పును చదివి ఆమోదించే పని, తిన్నగా వాళ్ళ దగ్గరికే వెళుతుంది. ఇప్పుడు మీ కంపెనీలోని ఆ ఫైలు ఒకసారి తెరిచి చూడండి. సగం పేర్లు నిరుటి పునర్వ్యవస్థీకరణలో రద్దయిన బృందాలవి. ఉన్నవాటిలో కొన్ని, ఎవరూ చదవని మెయిల్ గ్రూపులు. బృందాన్ని రద్దు చేసే ఉత్తర్వు మీ సంతకంతో వెలువడుతుంది. ఆ బృందం కోడ్ ఎవరిదన్న వాక్యం అందులో ఉండదు.

ఇక రెండో గట్టు మీద నుంచి మాట్లాడతాను. ఇప్పుడు మా బృందం ఐదుగురం. లాగిన్ సర్వీసు మాది. కంపెనీలో అది వాడని బృందం లేదు, అందుకే అందులో వేలు పెట్టని బృందమూ లేదు. వారానికి పది, పన్నెండు పుల్ రిక్వెస్టులు, అంటే మా కోడ్‌లో చేర్చమని పంపే మార్పులు, బయటినుంచి వస్తాయి. పంపినవాడికి అది రోజున్నర పని, ముగిసిన పని. మాకు అప్పుడే మొదలు. అతను ఏం చేయదలచాడో అర్థం చేసుకోవాలి, మా పాత కస్టమర్లలో ఎవరికి దెబ్బ తగులుతుందో ఊహించాలి, నొప్పించకుండా చెప్పాలి, మళ్ళీ చూడాలి. మా వృత్తిలో ఒక పాత వేళాకోళం ఉంది: పది లైన్ల మార్పుకు పద్నాలుగు వ్యాఖ్యలు, పన్నెండు వందల లైన్లకు 'బాగుంది' అని ఒక్క మాట. సాయంత్రం ఏడింటికి, సొంత పని మిగిలి ఉండగా, పన్నెండు వందల లైన్లు తెరిచినవాడు ఇంకేం రాస్తాడు?

ఆ రోజున్నర మీ ప్రణాళికలో ఉంది. దాన్ని చూడటానికి మాకు పట్టే ఆరు గంటలు ఎక్కడా లేవు. ఇద్దరు మేనేజర్లు భోజనాల దగ్గర కూర్చుని, మీవాళ్ళు రాస్తారు, మావాళ్ళు చూస్తారు అని ఒప్పందం చేసుకుంటారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆ దానంలో పోయేది మా సాయంత్రాలు.

ఇదంతా రివ్యూ చేయలేని బద్ధకస్తుడి సణుగుడు అనుకోకండి. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు విండోస్ విస్టా, విండోస్ 7 కోడ్‌ను తవ్వి 2011లో ఒక పత్రం వెలువరించారు. ఒక భాగంలో జరిగిన మార్పుల్లో ఐదు శాతం కూడా చేయని వాళ్ళను 'చిన్న భాగస్వాములు' అన్నారు. అలాంటివాళ్ళు ఎక్కువమంది చేయి పెట్టిన భాగాల్లో విడుదలకు ముందూ, తర్వాతా లోపాలు ఎక్కువగా కనిపించాయి. బయటివాడు చేయి పెట్టడమే లోపానికి కారణమని దీంతో రుజువు కాదు. అసలే చిక్కుగా ఉన్న కోడ్‌లోనే అందరికీ పని పడుతుందని కూడా అనవచ్చు. ఎలా అనుకున్నా, అలాంటి మార్పులను మరింత జాగ్రత్తగా చూడాలన్నది అందులో తేలే మాట. మరింత జాగ్రత్తకు మరింత సమయం కావాలి, ఆ సమయం మీ చేతిలో ఉంది.

'గూగుల్‌లో అందరూ అందరి కోడ్‌నూ మారుస్తారు కదా' అని మీలో ఒకరు నాతో అన్నారు. సగం నిజం. 2015 జనవరి నాటికి వాళ్ళ ఒకే రిపోజిటరీలో (కోడ్ భండారంలో) దాదాపు 200 కోట్ల లైన్ల కోడ్, 90 లక్షల సోర్సు ఫైళ్ళు ఉన్నాయని వాళ్ళే ప్రకటించారు. పాతిక వేలమంది డెవలపర్లు అందులో పనిచేసేవారు. చాలా భాగాన్ని ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా మార్పు పంపవచ్చు. కానీ ప్రతి డైరెక్టరీకీ సొంతదారులుంటారు, వాళ్ళ ఆమోదం లేకుండా ఏదీ లోపలికి పోదు. భారీ మార్పు చేయాలంటే దాన్ని చిన్న ముక్కలు చేసి, టెస్టులు నడిపి, ఏ ముక్క ఎవరిదో వాళ్ళకు పంపే సాధనాన్ని ప్రత్యేకంగా కట్టుకున్నారు. ఒక పాత పద్ధతిని ఎత్తేయాలనుకున్న బృందమే, దాన్ని వాడుతున్న మిగతా బృందాల కోడ్‌లో కూడా ఆ మార్పు చేసిపెట్టే బాధ్యత మోసే అలవాటు ఒకటుంది. మనం తలుపు సంగతి చూసి మెచ్చుకుని, ఆ తలుపు వెనుక జీతాలిచ్చి పెట్టిన మనుషులనూ సాధనాలనూ వదిలేశాం.

డబ్బున్న సంస్థకే ఇది సాధ్యమా అంటే, లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌ను చూడండి. ఏ భాగానికి ఎవరు బాధ్యులో ఒకే ఫైల్లో పేరూ మెయిలూ రాసి ఉంటాయి. మీ మార్పు ఎవరికి పంపాలో చెప్పే చిన్న స్క్రిప్టు కూడా కోడ్‌తోపాటే వస్తుంది. 2004 నుంచి మార్పు పంపే ప్రతి ఒక్కరూ, దాన్ని చేతులు మార్చే ప్రతి మెయింటెయినరూ (ఆ భాగం బాధ్యుడూ) కింద సంతకం వాక్యం చేరుస్తున్నారు. మార్పు ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో అక్కడే కనబడుతుంది.

మాది కృష్ణా డెల్టాలో చివరి ఆయకట్టు. కాలువ నీళ్ళు మా చేలోకి రావాలంటే పక్క రైతు చేను దాటి రావాలి. మడవ తీసే ముందు నాన్న ఆయన ఇంటికి వెళ్ళి చెప్పేవారు. నీళ్ళు పెట్టిన రాత్రి టార్చిలైటు పట్టుకుని రెండుసార్లు గట్టు మీద తిరిగేవారు. గట్టు తెగితే పక్క రైతు వచ్చి లేపేదాకా పడుకునే ప్రశ్నే లేదు. తీసినవాడే పూడ్చాలి. ఊళ్ళో దీన్ని ఎవరూ నియమంగా రాసుకోలేదు, రాసుకోవలసిన అవసరమూ రాలేదు. మన దగ్గర మాత్రం మార్పు అసలు కోడ్‌లో కలిసిన (మెర్జ్ అయిన) నిమిషం నుంచి రాత్రి గట్టు మీద తిరగవలసింది పక్క రైతే.

ఈ ఏడాదిన్నరగా పరిస్థితి మరింత బిగుసుకుంది. ఏఐ సాధనాలు చేతికొచ్చాక, తెలియని కోడ్‌లో మార్పు రాయడానికి రోజున్నర కూడా పట్టడం లేదు. మధ్యాహ్నం టీ చల్లారేలోగా నాలుగు వందల లైన్లు సిద్ధం. రాయడం చవకైంది, చదవడం మాత్రం అంతే ఖరీదుగా ఉంది. మొన్న ఒక కుర్రవాడు పంపిన మార్పులో ఒక లైను గురించి అడిగితే, తెలియదండి, అది టూల్ రాసింది అన్నాడు. నిజం చెప్పినందుకు మెచ్చుకున్నాను. ఆ లైనును అర్థం చేసుకోవలసిన మొదటి మనిషిని నేనయ్యానన్న సంగతి మాత్రం నచ్చలేదు. తాను చదవని దాన్ని పక్క బృందానికి పంపడం మర్యాద కాదని వాళ్ళకు చెప్పవలసింది మీరు. మేం చెబితే అడ్డుపుల్ల వేస్తున్నామంటారు.

మీ నుంచి నేను కోరేది పెద్దదేమీ కాదు. బయటి కోడ్‌లో మార్పు చేసిన ఇంజనీరు అది మెర్జ్ అయిన తర్వాత ఒక నెలాఖరు దాటేవరకు ఆ బృందం ఆన్‌కాల్ జాబితాలో రెండో పేరుగా ఉండాలి. రాత్రి రెండింటికి తన ఫోను కూడా మోగుతుందని తెలిసినవాడు, సంబంధం లేని లైను తీసే ముందు ఒకసారి ఆగుతాడు. నా సంగతి నాకు తెలుసు, నేనైతే ఆగేవాడిని. సొంతదారుల మీద కూడా బాధ్యత పెట్టండి. వచ్చిన ప్రతి మార్పుకూ రెండు పనిదినాల్లో ఔనో కాదో చెప్పాలి. కాదనడం తప్పు కాదు, కారణం ఒక వాక్యం రాస్తే చాలు. పదకొండు రోజులు మౌనంగా ఉండి చివర్లో డిజైన్ నచ్చలేదనడం మాత్రం తప్పు. ఈ పాపం నేనూ చేశాను.

అప్రైజల్ సంగతి కూడా. ఇతరుల మార్పులు చదివి సరిదిద్దడంలో ఏడాది పొడవునా మూడో వంతు సమయం గడిపిన మనిషి మా బృందంలో ఉన్నారు. ఆమె ఆపిన లోపాల జాబితా ఎక్కడా లేదు, ఎందుకంటే ఆ లోపాలు జరగలేదు. ఆమె స్వీయ మూల్యాంకనంలో ఆ గడి ఖాళీగా ఉంటే, ఈసారి ఖాళీ అని చదవకండి. పిలిచి అడగండి.

వచ్చే త్రైమాసికం ప్రణాళికా పత్రం ఈ నెలాఖరుకు మీ ముందుకు వస్తుంది. అందులో 'ఇతర బృందాల మీద ఆధారపడే పనులు' అనే నిలువు వరుస ఎప్పటినుంచో ఉంది. దాని పక్కన ఇంకొకటి గీయించండి. ఆ మార్పు చదివేదెవరు, వాళ్ళకు ఎన్ని గంటలు ఇస్తున్నారు, తర్వాత ఫోను ఎవరి దగ్గర ఉంటుంది. ఆ వరుస ఖాళీగా ఉన్న పనిని ఆమోదించకండి.

ఇట్లు,
నానక్‌రాంగూడ నుంచి ఒక ఇంజనీరు

తా.క. ఆ రెండో సార్టింగ్ మళ్ళీ తన చోటుకు వచ్చింది, ఇప్పటికీ ఉందట. దాని పైన నేను రాసిన ఏడు లైన్ల వ్యాఖ్య కూడా ఉంది: బ్యాంకు ఏం కోరుతుందో, రెండు సర్వర్లు నంబర్లు ఎలా ఇస్తాయో, దీన్ని తీసేస్తే ఏ రాత్రి ఏం జరిగిందో. చెల్లింపుల బృందం నుంచి ఆ అమ్మాయే దాన్ని రివ్యూ చేసింది. మూడో లైనులో తేదీ తప్పు పడిందని వెనక్కి పంపింది.